గుడి మూసినా లోపలికి వెళ్లిన పద్యం: జాషువా సంస్కరణ ఎలా పనిచేసింది?

ఏటా సెప్టెంబరు 28న, జులై 24న గుంటూరులో గుర్రం జాషువాను తలుచుకుంటూ సభలు జరుగుతాయి. మొదటిది ఆయన పుట్టినరోజు (1895, వినుకొండ). రెండోది ఆయన కన్నుమూసిన రోజు (1971, గుంటూరు). ఒకే వేదిక మీద ఒకరు ఆయన్ను సంఘసంస్కర్త అంటారు, మరొకరు నవయుగ కవిచక్రవర్తి అంటారు, ఇంకొకరు దళిత కవిత్వానికి ఆద్యుడంటారు. గాంధేయవాది అనేవాళ్లు, క్రైస్తవ కవి అనేవాళ్లు, హేతువాది అనేవాళ్లు కూడా ఉన్నారు. వింటున్న విద్యార్థికి సహజంగానే ఒక సందేహం వస్తుంది. ఆయన సమాజం స్థాపించలేదు, శరణాలయం నడపలేదు, ఉద్యమానికి నాయకత్వం వహించలేదు. పైగా తోటి కవులు గేయానికీ వచన కవితకూ మళ్లుతున్న రోజుల్లో వృత్తాలు, సీసాలు, తేటగీతులు రాస్తూ కూర్చున్నారు. మరి సంస్కర్త ఎలా అయ్యారు?

క్లుప్తంగా చెప్పాలంటే, జాషువా చేసిన సంస్కరణ పద్యం లోపలే జరిగింది. అగ్రవర్ణ పండితుల సొత్తని అందరూ అనుకునే పద్యాన్నే ఆయన పట్టుకున్నారు. తప్పుపట్టడానికి వీల్లేనంత గట్టిగా రాశారు. దాంతో ఆయన్ను కాదనాలంటే కవిత్వం సంగతి పక్కనపెట్టి కులం అడగక తప్పని స్థితి వచ్చింది. ఆ పద్యమే బడిలోకి, నాటకాల పందిట్లోకి వెళ్లింది. దాని బలం అక్కడుంది. దాని పరిమితి కూడా అక్కడే ఉంది.

కంటికి కనబడే సంస్కరణ, కనబడనిది

తెలుగునాట సంస్కర్త అనగానే మనసులో మెదిలేది కందుకూరి వీరేశలింగం. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక, 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం, ఆ తర్వాత శరణాలయాలు, బడులు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆ దారినే నడిచి, ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. విజయవాడ పటమటలో గోరా (గోపరాజు రామచంద్రరావు) పెట్టిన నాస్తిక కేంద్రం సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు జరిపించింది. ఈ పనులన్నిటికీ తేదీ ఉంటుంది, భవనం ఉంటుంది, పెళ్లయితే సాక్షులుంటారు. చరిత్రలో రాసుకోవడం తేలిక.

జాషువా జీవితంలో ఇలాంటివి దొరకవు. ఉన్నది బడిపంతులు ఉద్యోగం, కట్టల కొద్దీ పద్యాలు, సభలు, ఆ సభల్లో సన్మానాలు, అదే సభల్లో అవమానాలు. అయితే ఆయనకు ముందు తెలుగు కావ్యంలో అరుంధతీయుడు, అంటే మాదిగ మనిషి, తన నోటితో తన కథ చెప్పుకునే నాయకుడిగా కనబడడు. ‘గబ్బిలం’ 1941లో వచ్చాక అలాంటి మనిషి లేడని ఎవరూ అనలేకపోయారు. ఈ మార్పుకు శంకుస్థాపన ఫలకం ఉండదు. జరిగిందన్న మాట మాత్రం నిజం.

వినుకొండ, గుంటూరు, బెజవాడ

ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న వినుకొండ అప్పట్లో గుంటూరు సీమలో మెట్ట ప్రాంతం. జాషువా తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. కుటుంబం క్రైస్తవ మతంలో ఉంది. అంటే పుట్టుకతోనే ఆయన ఏ గీతకు లోపలివాడో, ఏ గీతకు బయటివాడో తేల్చడం ఊరికి కష్టమైంది. తేలనప్పుడు కుల సమాజం ఏం చేస్తుందో అదే చేసింది, కింది మెట్టు మీద నిలబెట్టింది.

ఈ ప్రాంతంలో మిషన్ బడులు చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. 1842లో గుంటూరుకు లూథరన్ మిషన్ వచ్చింది. ఒంగోలు, వినుకొండ వైపు బాప్టిస్టు మిషన్ పనిచేసింది. 1876–78 నాటి గొప్ప కరువు తర్వాత మాల, మాదిగ పల్లెల నుంచి వేలమంది మతం మార్చుకున్నారు. మతం మారినా పల్లె ఊరి చివరనే ఉండిపోయింది. కానీ బడి వచ్చింది, బడితో పాటు పంతులు ఉద్యోగం వచ్చింది. చదువుకున్న మాదిగ యువకుడికి నెల జీతం అందే మార్గం ఆ రోజుల్లో దాదాపు అదొక్కటే.

జాషువా మొదటి ఉద్యోగం జీతం నెలకు మూడు రూపాయలు. అదీ పోయాక 1915–16లో రాజమహేంద్రవరం వెళ్లి మూగ సినిమాలకు కథ చెప్పేవాడిగా చేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథను, మాటలను జనానికి వినిపించడం ఆ పని. చీకట్లో కూర్చున్న జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఊపిరి బిగబడతారో తెలియకపోతే ఆ పనిలో ఒక్క పూట నిలవలేరు. తర్వాతి కాలంలో ఆయన పద్యం చెవికి తగిలే తీరు చూస్తే, ఈ తర్ఫీదు వృథా పోలేదనిపిస్తుంది. తిరిగి గుంటూరు వచ్చి లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశారు. తెలుగు, సంస్కృతం రెండింటా పాండిత్యానికిచ్చే ఉభయభాషా ప్రవీణ పట్టా సంపాదించారు.

సంస్కృతం ఎలా అబ్బింది? వినుకొండలో చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యం కవిత్వం మీద ఆసక్తి పెంచింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. అగ్రహారంలో అందరూ తలుపు వేసుకుని కూర్చోలేదన్న సంగతి కూడా ఈ కథలో భాగమే. ఆ మేఘసందేశం పాఠమే పాతికేళ్ల తర్వాత గబ్బిలమై తిరిగొచ్చింది.

ఇక బెజవాడ. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీళ్లు పారాయి. పంట డబ్బుతో పాటు ప్రెస్సులు, గ్రంథాలయాలు, నాటక సమాజాలు, సాహిత్య సభలు పెరిగాయి. పద్యం చదివేవాడికి వేదిక, వినేవాడికి తీరిక దొరికాయి. ఈ బెజవాడలోనే 1917 నవంబరులో పంచముల, అంటే నాలుగు వర్ణాల బయట అయిదోవాళ్లుగా లెక్కకట్టినవాళ్ల, మహాసభ హైదరాబాదు దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగింది. ‘పంచములు’ అన్న మాట మాకొద్దు, మేం ఈ నేలకు మొదటివాళ్లం అంటూ సభ తన పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకుంది. ఆ సభకు వచ్చినవాళ్లు కొండెక్కి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి మూసేశారు. గబ్బిలం కావ్యం ఎక్కడి నుంచి పుట్టిందని అడిగేవారికి ఈ మూసిన తలుపు ఒక్కటి చూపిస్తే చాలు.

గణాలకు కులం లేదు

పద్యానికి ఉన్న ఒక గుణాన్ని ముందు గమనించాలి. కవిత బాగుందా లేదా అన్నదాని మీద ఎన్ని వాదాలైనా చేయవచ్చు. పద్యంలో గణం తప్పిందా, యతి కుదిరిందా అన్నదాని మీద వాదం ఉండదు. వేళ్ల మీద లెక్కపెట్టి తేల్చే విషయం అది. అవధాన సభలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని అప్పటికప్పుడు పూరిస్తాడు, సభలో వెనక వరసలో కూర్చున్నవాడు సైతం తప్పు పట్టగలడు.

జాషువా రాసిన ఈ రెండు పాదాలు చూడండి:

వాని రెక్కల కష్టంబు లేనినాడు
సస్యరమ పండి పులకింప సంశయించు

ఇది తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. మొదటి పాదంలో ‘వాని’కి ‘లేని’ ప్రాసయతి. రెండో పాదంలో ‘స’కు ‘సం’ యతి. ఎక్కడా సాగదీసింది లేదు, పూరణ కోసం ఇరికించిన మాట లేదు. అర్థం సూటిగా ఉంది. అతని కాయకష్టం లేకపోతే పైరులక్ష్మి పండి పులకరించడానికి వెనకాడుతుంది. లోకానికి అన్నం పెట్టేవాడికి తినడానికి తిండి లేదని తర్వాతి పాదాలు చెబుతాయి.

మాటల కూర్పు ఇంకా ఆసక్తికరం. ‘రెక్కల కష్టం’ పొలం గట్టు మీద కూలివాళ్ల నోట వినబడే మాట. ‘సస్యరమ’ పండితుడి మాట. ఈ రెండూ పద్యంలో పక్కపక్కనే కూర్చున్నాయి. సహపంక్తి భోజనాలు పందిట్లో జరగడానికి ఎంత గొడవ అయ్యేదో తెలిసినవాళ్లకు, పద్యంలో ఈ పంక్తి ఎంత సాహసమో అర్థమవుతుంది.

ఇలా రాసినవాణ్ణి ఎదుర్కోవడం ఎలా? ఛందస్సులో తప్పు లేదు, వ్యాకరణంలో తప్పు లేదు, భావం గుండెకు తగులుతోంది. అప్పుడిక మిగిలేది ఒక్కటే ప్రశ్న. ఆ ప్రశ్నను జాషువా ఒక ఉత్పలమాలలో బంధించారు. ఒకాయన పద్యం వింటాడు. సొగసు చూసి ‘భళీ భళీ’ అంటాడు. ఆ నోటితోనే ‘మీదే కులం?’ అని అడుగుతాడు. జవాబు విని ‘చివాలున’ లేచిపోతాడు. బాకుతో పొడిచినట్లు ఉంటుంది, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది అంటారు కవి.

ఆ పద్యంలో ‘చివాలున’ అన్న చిన్న మాట దగ్గర ఆగి చూడాలి. అంతవరకు చదివినదంతా సమాసాల సొగసు. కవితను వధువుగా చెప్పి, ఆమె రూపురేఖలను మెచ్చుకున్న వైనం చెప్పి, ఒక్కసారిగా ఈ ఇంటి మాట. కుర్చీ కదిలిన చప్పుడు వినబడుతుంది. ‘భళీ’కీ లేచిపోవడానికీ మధ్య కవిత్వంలో ఏమీ మారలేదు. మారింది వినేవాడికి తెలిసిన ఒక్క సంగతి. కులవివక్షకు యోగ్యతతో సంబంధం లేదని వంద ఉపన్యాసాలు చెప్పేదాన్ని ఈ నాలుగు పాదాలు ఒక చిన్న దృశ్యంగా చూపించాయి. గేయంలోనో వచనంలోనో రాసి ఉంటే ‘ఇది కవిత్వమే కాదు’ అని తప్పించుకునే వీలు ఎదుటివాడికి ఉండేది. పద్యం ఆ వీలు మూసేసింది.

ఈ అవమానం ఊహ కాదు. వినుకొండలోనే ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మరోవైపు క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాస్తున్నాడని సంఘపెద్దలు ఆగ్రహించి కుటుంబాన్ని వెలివేశారు. రెండు వైపుల నుంచీ ఒకే తీర్పు. ఆ తీర్పుకు ఆయన సమాధానం ఒక ఆటవెలదిలో ఉంది. కులమతాలు గీసిన గీతల్లోకి దూరి పంజరంలో చిక్కుకునే మనిషిని కాను, ‘విశ్వనరుడ నేను’ అన్నారు. సభలో గౌరవంగా వాడుకునే మాటగా ఇప్పుడది స్థిరపడింది కానీ, రాసిన నాటికి అది రెండు గుంపులూ తలుపు వేసుకున్నాక వీధిలో నిలబడి చెప్పిన మాట.

మేఘానికి బదులు గబ్బిలం

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడికి శాపం ఒక ఏడాది. గడువు తీరగానే ఇంటికి వెళతాడు. ఈలోగా విరహం ఆగక, అలకాపురిలో ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా ఈ చట్రాన్ని అలాగే తీసుకుని లోపలి సామానంతా మార్చేశారు.

గబ్బిలంలో కథానాయకుడు తంజావూరు ప్రాంతపు అరుంధతీయుడు. ఇతడి వెలికి గడువు లేదు, ఏ తప్పుకు పడిందో కూడా తెలియదు. ఏ పాపం చేశాడో ఇంతవరకు అతనికే ఎరుక లేదని కవి ఒక పాదంలో చెబుతారు. యక్షుడికీ ఇతడికీ ఉన్న తేడా అంతా ఆ పాదంలో ఉంది. కబురు పంపేది ప్రియురాలికి కాదు, కాశీలోని విశ్వనాథుడికి. చెప్పుకోవాల్సింది విరహం కాదు, ఆకలి, అంటరానితనం.

మోసుకెళ్లేది గబ్బిలం. ఎందుకు గబ్బిలం? హంసలు, చిలకలు, మేఘాలు కావ్యగౌరవం ఉన్నవి. గబ్బిలం ఇంట్లోకొస్తే అశుభమని ఇల్లు కడుక్కుంటారు. అది పక్షా, జంతువా అని తేల్చుకోలేరు. రాత్రిపూట తిరుగుతుంది, పాడుబడిన చోట ఉంటుంది. అంటే అది కూడా ఒక రకంగా అంటరానిదే. కానీ దానికి ఒక సౌకర్యం ఉంది. గర్భగుడి చూరుకు వేలాడవచ్చు, ఎవరూ అడ్డుకోరు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క ఎంపికతో వాదన పూర్తయినట్టే.

ఆ గబ్బిలానికి అతడు చెప్పే జాగ్రత్తలు చూస్తే కళ్లు చెమ్మగిల్లుతాయి. నువ్వు గుడిలో వేలాడేటప్పుడు ‘శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు’ అంటాడు. తలకిందులుగా వేలాడే గబ్బిలం నోరు, కింద ఉన్న దేవుడి చెవి, రెంటి మధ్య దూరం ఎంతో కొలిచి చెబుతున్నట్టుంటుంది. వెంటనే ఇంకో జాగ్రత్త: ‘పూజారి లేనివేళ’ విన్నవించు. దేవుడు వింటాడన్న నమ్మకం అతడికి ఉంది. మధ్యలో నిలబడినవాడు విననిస్తాడన్న నమ్మకం లేదు. ఆ కావ్యానికి ఈ తేటగీతే ఇరుసు.

ఇదే కావ్యంలో కులవ్యవస్థను నాలుగు పడగల పాముగా చూపిస్తారు. ఆ పేదవాడి గాలి సోకితే ‘నాల్గు పడగల హైందవ నాగరాజు’ కసిరి బుసకొడుతుంది. నాలుగు పడగలు నాలుగు వర్ణాలు. అయిదోవాడికి పడగ లేదు, వాడికి దక్కేది బుస. ఆ పద్యంలోనే దరిద్రదేవతను ‘ఇనుప గజ్జెల తల్లి’ అన్నారు. ఆమె ఇతని రక్తం తాగి బతుకుతుందట. కులం, పేదరికం రెండూ ఒకే పద్యంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. గుడిలోకి రానిస్తే చాలదు, కూడు కావాలన్న ఎరుక అందులో ఉంది.

కాలాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. 1932లో పూనా ఒప్పందం, 1933 చివర్లో గాంధీ హరిజన యాత్ర ఆంధ్రదేశానికి రావడం, 1936లో తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన, 1939లో మదురై మీనాక్షి గుడిలో దళితుల ప్రవేశం. అంటే 1941లో గబ్బిలం వచ్చేనాటికి గుడి తలుపు ఊరూరా చర్చలో ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం 1947లో గానీ రాలేదు. ఆ ఆరేళ్ల ముందు కావ్యం, చర్చలో లేని ఒక గొంతును చర్చలోకి తెచ్చింది. అప్పటిదాకా రానివ్వాలా వద్దా అని మాట్లాడుకున్నది ఎక్కువగా లోపలివాళ్లు. బయట నిలబడినవాడు నోరు విప్పడం గబ్బిలంలో వినబడింది.

కాటి సీనులో దొరికిన వేదిక

పుస్తకం చదవగలిగినవాళ్లు కొద్దిమంది. పద్యం వినగలిగినవాళ్లు ఊరంతా. జాషువా పద్యం ఊరందరికీ చేరిన దారి పుస్తకాల కొట్టు మీదుగా కాదు, నాటకాల పందిరి మీదుగా.

గుంటూరు సీమకే చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం కోస్తా పల్లెల్లో తెల్లవార్లూ ఆడేది. అందులో అందరూ ఎదురుచూసేది కాటి సీను. వీరబాహుకు అమ్ముడుపోయిన చక్రవర్తి, భుజాన కర్రతో, శ్మశానంలో కాపలా. నటులు ఈ ఘట్టంలో బలిజేపల్లి పద్యాలతో పాటు జాషువా శ్మశానం మీద విడిగా రాసుకున్న ఖండిక పద్యాలు పాడటం మొదలుపెట్టారు. ‘ఎన్నో యేండ్లు గతించిపోయినవి’ అని శార్దూలం ఎత్తుకుంటే హార్మోనియం శ్రుతి పట్టి వెంట నడుస్తుంది. చివరి అక్షరం మీద రాగం తీస్తాడు నటుడు. ‘వన్స్‌మోర్’ అని కేక పడుతుంది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. సీసపద్యంలో ఇక్కడే కవి కలం నిప్పుల్లో కరిగింది, ఇక్కడే రాజు అధికార ముద్రిక మాయమైంది, ఇక్కడే లేత ఇల్లాలి నల్లపూసలు గంగలో కలిశాయి అని ఒక్కొక్కటీ చెబుతుంటే ముందు వరసలో చాప మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు.

ఆ ఖండికలోనే ఇంకో పద్యం ఉంది. ‘ఇట నస్పృశ్యత సంచరించుటకు తావేలేదు’ అని మొదలవుతుంది. బెబ్బులినీ మేకనూ పక్కపక్కన పడుకోబెట్టి జోకొట్టే అభేదం ఇక్కడ ఉందంటుంది. అంటరానితనం తిరగడానికి చోటులేనిది ఊళ్లో ఒక్క శ్మశానమే అని దాని అర్థం. నిజానికి పల్లెల్లో శ్మశానాలు కూడా కులానికొకటి ఉన్నాయి. కవికి అది తెలియక కాదు. చావు దగ్గరైనా సమానత్వం ఉంటుందని ఒప్పుకునే మనిషిని ఆ ఒప్పుకోలు దగ్గర పట్టుకుని, మరి బతికున్నప్పుడో అని అడిగే పద్యం అది.

ఈ పద్యం పాడింది ఏ సంస్కరణ సభలోనో కాదు, రామాలయం ముందు వేసిన పందిట్లో, ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చున్న చోట. పద్యం ఎవరిదో తెలియకుండానే తల ఊపినవాళ్లు, కంఠతా పట్టినవాళ్లు వేలల్లో ఉంటారు. ఇక్కడ సంస్కరణ ఉపన్యాసంగా రాలేదు, నోటికి వచ్చిన పాటగా వచ్చింది. వినేవాడు కాపలా పెట్టుకోని దారిన వచ్చింది. ఒకటి మాత్రం బాధాకరం. పద్యం ఊరి నడిబొడ్డుకు చేరినా కవి పేరు తరచుగా వెనకే ఉండిపోయింది. బలిజేపల్లి పద్యాలనుకునే మెచ్చుకున్నవాళ్లు చాలామంది.

వచనం వెళ్లిన దారి

పోలిక కోసం ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని పక్కన పెట్టవచ్చు. 1922లో వచ్చిన ఆ నవల వాడుక భాషలో ఉంది. రామదాసు కుటుంబం, పొలం పని, కూలి రేట్లు, కొడుకు సంగదాసు హత్య, జైలు. పల్లె జీవితాన్ని లెక్కలతో సహా చూపించిన పుస్తకం. కూలి ఎంత పెరగాలి, సంఘం ఎలా కట్టాలి అన్న ప్రశ్నల దాకా వెళ్లింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ తర్వాత నిషేధం ఎత్తేసినా కొంతకాలం పుస్తకం దొరకని స్థితి.

గబ్బిలానికి ఆ గతి పట్టలేదు. కారణం ధైర్యం తక్కువై కాదు. వచనం విషయాన్ని విప్పి చెబుతుంది కాబట్టి అధికారికి అభ్యంతరం చూపించే చోటు దొరుకుతుంది. పద్యం విషయాన్ని దృశ్యంగా, పోలికగా మడిచి పెడుతుంది. నాలుగు పడగల పాము మీద కేసు పెట్టడం కష్టం. దానికి తగ్గ నష్టమూ ఉంది. మాలపల్లి చదివినవాడికి రేపు ఏం చేయాలో ఒక ఊహ వస్తుంది. గబ్బిలం చదివినవాడికి గుండె బరువెక్కుతుంది, దారి మాత్రం అతడే వెతుక్కోవాలి.

రాసినవారి స్థానం కూడా వేరు. ఉన్నవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి పల్లె వైపు నడిచి వెళ్లి రాశారు. జాషువా పల్లె నుంచి పండిత సభ వైపు నడిచి వచ్చి రాశారు. ఒకే వంతెన మీద ఇద్దరూ రెండు వైపుల నుంచి వచ్చారు. రెండో వైపు నుంచి వచ్చినవాడికి రాళ్లు ఎక్కువ తగిలాయి.

ఎవరి జాషువా?

మొదట చెప్పిన గందరగోళానికి మూలం ఆయన వస్తువుల్లో ఉన్న వైవిధ్యం. 1932 నాటి ‘పిరదౌసి’ పారశీక కవి కథ. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు మాట తప్పితే కవి గుండె పగిలిన వైనం. ‘ముంతాజమహలు’ మొగలు కథ. ‘బాపూజీ’ గాంధీ మరణం తర్వాత రాసినది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వ యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. 1957–59లో మద్రాసు రేడియోలో ఉన్నారు. 1964లో శాసనమండలి సభ్యుడయ్యారు, అదే ఏడాది ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1970లో పద్మభూషణ్.

ఈ జాబితాలో ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటున్నారు. కానీ వస్తువులను కలిపే సూత్రం ఒకటి కనిపిస్తుంది. మాట ఇచ్చి తప్పిన రాజు ముందు నిలబడిన పిరదౌసి, గుడి బయట నిలబడిన అరుంధతీయుడు, సభలో కులం అడిగించుకున్న కవి. ముగ్గురూ చేసిన పనికి రావలసినది రానివాళ్లే. పిట్టల మీద, పురుగుల మీద రాసిన ఖండికలు చూసినా ఇదే. గిజిగాడు గడ్డిపోచలతో గూడు అల్లుతుంది, సాలీడు మగ్గం లేకుండా నేస్తుంది. పనితనం ఉండి పేరు లేని జీవులు. తోలుపని, నేతపని చేసే కులాల నడుమ పెరిగిన కవికి కళ్లు అటే తిరగడంలో వింత లేదు.

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం, అంటే మహాకవులకు సన్మానంగా వేసే కాలి కడియం, తొడిగారు. పండితలోకంలో అంతటి పెద్ద, అగ్రవర్ణస్థుడు, వంగి ఈ కవి పాదం ముట్టుకున్నారు. అంటరాదన్న శరీరాన్నే అంటుకోవాల్సిన సన్మానం అది. జాషువా తన జీవితంలో అందిన అతి పెద్ద గౌరవం ఇదేనని భావించారు. పద్మభూషణ్‌కు ఢిల్లీ చాలు, దీనికి మాత్రం పండిత సభ కావాలి.

పద్యం ఆగిన చోటు

పద్యం తలుపులు తెరిచింది, ఆ మాట నిజమే. కానీ ఎవరి కోసం రాశారో వాళ్లలో ఎక్కువమందికి ఆ రోజుల్లో అక్షరం లేదు. ‘సస్యరమ’ దగ్గర ఆగిపోయే పాఠకుడు ఉన్నాడు. కావ్యంలో నాయకుడు దేవుడికి మొరపెట్టుకుంటాడు, తిరగబడడు. 1985లో కారంచేడు, 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద జరిగిన మారణకాండల తర్వాత కలం పట్టిన దళిత కవులకు మొర సరిపోలేదు. వాళ్లు వచన కవితను, పాటను, పల్లె యాసను ఎంచుకున్నారు. జాషువాను పెద్దదిక్కుగా తలుచుకుంటూనే ఆయన ఛందస్సును వదిలేశారు. రెండూ సబబే. పండిత సభ నోరు మూయించడానికి పద్యం కావాల్సి వచ్చింది. పల్లెను కదిలించడానికి పల్లె మాటే కావాలి.

ఇక ఆయన ఇంట్లోనే ఇంకో దారి మొదలైంది. కూతురు హేమలత గోరా పెద్దకొడుకు లవణాన్ని పెళ్లి చేసుకుని విజయవాడ నాస్తిక కేంద్రం మనిషి అయ్యారు. తండ్రి కావ్యంలో కబురు దేవుడికి వెళ్లింది. దేవుడి మీద నమ్మకం లేని కూతురు ఆ కబురును మనుషుల దగ్గరకే తీసుకెళ్లారు. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతులని ముద్రవేసి 1913లో సెటిల్‌మెంటుగా పెట్టిన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఇల్లిల్లూ తిరిగి, దొంగతనం వృత్తిగా మిగిలిన కుటుంబాలతో మాట్లాడి, పిల్లలను బడికి పంపించే పనికి దిగారు. ఆ తర్వాత నిజామాబాదు వైపు జోగినీ దురాచారం మీద పనిచేశారు. అక్కడ గుడికి అంకితమిచ్చిన ఆడపిల్లల్లో ఎక్కువమంది తండ్రి కావ్యంలోని అరుంధతీయుడి పల్లె నుంచి వచ్చినవాళ్లే. అతణ్ణి లోపలికి రానివ్వని గుడే వాళ్లను రమ్మంది.